టేబుల్ వ్యూలో రో అంటే వరుసా, గడా?

ప్రశ్న (తిరుపతి): అందరికీ నమస్కారం. ఇక్కడి డిగ్రీ పిల్లల కోసం ఐఫోన్ యాప్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. యాప్‌లో జాబితాని చూపించే టేబుల్ వ్యూలో రో, సెల్ రెండింటికీ ‘గడి’ అని రాస్తే సరిపోదా? స్క్రీన్ మీద రెండూ ఒకచోటే కదా కనబడేది.

జవాబు (చిత్తూరు): సరిపోదు మేడమ్. రో అంటే వరుస, సెల్ అంటే గడి. వరుస మన డేటాది, గడి టేబుల్ వ్యూది. ‘సెల్ ఫర్ రో ఎట్’ అనే మెథడ్ పేరులోనే రెండూ విడిగా ఉన్నాయి చూడండి. ఫలానా వరుసకి గడి ఇవ్వు అని దాని అర్థం.

మా జిల్లా మామిడి ధరల యాప్ ఒకటి అనుకోండి. స్క్రీన్‌ని నడిపించే వ్యూ కంట్రోలర్‌లోని అరేలో, అంటే డేటా జాబితాలో, తోతాపురి, నీలం, మల్లిక అంటూ 40 రకాలు. టేబుల్ వ్యూకి ఆ అరే సంగతే తెలీదు. డేటా సోర్స్‌గా, అంటే డేటా అందించేదిగా, ఉన్న వ్యూ కంట్రోలర్‌ని అడిగి తెలుసుకుంటుంది. వరుసలు 40 ఉన్నా, గడులు స్క్రీన్ నిండేటన్నే తయారవుతాయి, మహా అయితే ఒకటి రెండు ఎక్కువ. పైకి జరిపితే కనుమరుగైన గడే కింద ఇంకో వరుసకి వస్తుంది.

తోతాపురి గడిలో ‘సరుకు లేదు’ అని ఎర్ర లేబుల్ పెట్టారనుకోండి. అదే గడి నీలం వరుసకి వచ్చినప్పుడు లేబుల్‌ని దాచకపోతే, ఉన్న నీలం కూడా లేనట్టే కనిపిస్తుంది. అరేలో ఎంత వెతికినా తప్పు దొరకదు, అక్కడ డేటా సరిగ్గానే ఉంది మరి. ‘ఈ గడి ఇందాక ఏ వరుసలో ఉండింది?’ అని పిల్లలు అడగాలి. రెండూ గడులే అయితే ఆ ప్రశ్న ఎట్లా పుడుతుంది?

ప్రశ్న: లెక్కల పుస్తకాల్లో ‘అడ్డు వరుస’ అంటారు కదండీ? రీయూజ్‌కి ‘పునర్వినియోగం’ బాగుంటుందా?

జవాబు: టేబుల్ వ్యూలో నిలువు వరుసల గొడవ లేదు, ‘వరుస’ చాలు. పునర్వినియోగం బరువైన మాట. ‘మళ్లీ వాడుకోవడం’ అనండి. కనుమరుగైన గడులు మళ్లీ వాడుకునేదాకా ఉండే క్యూని క్యూగానే ఉంచండి, మీ తిరుపతిలో తెలియనివాళ్లు ఉండరు.

ఇంకొకరు (తిరుపతి): అక్కా, డిలీట్ దగ్గర కూడా ‘వరుసను తీసేయడం’ అనే రాయండి. అరేలోంచి తీయకుండా టేబుల్‌లో మాత్రం వరుస తీసేయమంటే లెక్క కుదరక యాప్ క్రాష్ అవుతుంది. 2019లో ఐఓఎస్ 13తో వచ్చిన డిఫబుల్ డేటా సోర్స్ వాడితే ఆ లెక్క అదే చూసుకుంటుంది. దానికి పాఠం విడిగా పెట్టండి, ముందు అరేతో చేతులు తిరగనీయండి.