"విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే అసలు ఏం రాయాలి? ఎవరైనా చెప్పండి

రాత్రి_బడి
మధ్యాహ్నం పేపర్ చేతికొచ్చింది. అప్పట్నుంచి నాలుగు గంటలుగా దాన్నే పట్టుకుని కూర్చున్నా. ఇది మూడో టెస్టు. "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అని వస్తే చాలు, పదికి మూడున్నర దాటడం లేదు. పాయింట్లు తక్కువయ్యాయేమో అని ఈసారి ఇంకో అర పేజీ ఎక్కువ రాశా. మళ్లీ అదే మూడున్నర. పక్కన ఎర్ర పెన్నుతో "అడిగింది ఇది కాదు" అని ఒక్క ముక్క. మరి అడిగింది ఏంటో రాయరు! తేదీ కరెక్టు, పేర్లు కరెక్టు, అంశాలన్నీ వరసగా రాశా. ఇంకేం కావాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

బోర్డర్_లైన్
ఏ పరీక్ష? ప్రశ్న ఏంటి? పూర్తిగా పెట్టండి. అది లేకుండా ఎవరూ చెప్పలేరు.

సుద్దముక్క
ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన అనుభవంతో చెబుతున్నాను బాబూ. ఈ తికమకంతా బి.ఎడ్.లో చదివి మర్చిపోయిన దాంట్లోనే ఉంది. అమెరికా విద్యావేత్త బ్లూమ్ 1956లో నేర్చుకోవడంలో ఆరు మెట్లు చెప్పాడు: జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. "పేర్కొనండి" అంటే మొదటి మెట్టు, గుర్తున్నది రాస్తే చాలు. "వివరించండి" రెండోది. "విశ్లేషించండి" అంటే విడదీసి, ఏది దేనికి కారణమో చూపాలి. మీరు అడిగిన మాట అన్నిటికన్నా పై మెట్టుది. 2001లో ఈ మెట్లను సవరించి సృజనను పైకి తెచ్చారు, మూల్యాంకనం ఒక మెట్టు దిగింది. మన దగ్గర చాలా గైడ్లలో ఇప్పటికీ పాత వరసే ఉంది. పిల్లలు అదే బట్టీ పడుతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

కోఠి_పుస్తకాలు
అసలు సమస్య అనువాదం. "క్రిటికల్లీ ఎగ్జామిన్"ను తెలుగు చేస్తే వచ్చిన మాట ఇది. విమర్శ అనగానే మనవాళ్లకు తిట్టడం గుర్తొస్తుంది, అందుకే జవాబంతా లోపాల జాబితా అయిపోతుంది. సివిల్స్ మెయిన్స్ రాసే తెలుగు మీడియం వాళ్ల కష్టం ఇంకా పెద్దది. జవాబు తెలుగులో రాయొచ్చు, ప్రశ్న మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. క్రియాపదం అర్థం తమకు తామే తేల్చుకోవాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

రాత్రి_బడి
ఏ పరీక్షో రాయలేదా? సారీ, అందరికీ తెలుసనుకున్నా. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్, తెలుగు మీడియం, ఉద్యమం పేపర్. ప్రశ్న: "పెద్దమనుషుల ఒప్పందం అమలు తీరును విమర్శనాత్మకంగా పరిశీలించండి." ఆంధ్ర, తెలంగాణలను కలిపే ముందు రెండు ప్రాంతాల నాయకులు చేసుకున్న ఒప్పందం అది. 1956 ఫిబ్రవరి 20, ఢిల్లీ, రెండు వైపులా ఎవరెవరు సంతకాలు పెట్టారు, ఒప్పందంలో ఏమేం ఉన్నాయి, అన్నీ రాశా. చివర "ఒప్పందం అమలు కాలేదు, అందుకే ఉద్యమం వచ్చింది" అని ముగించా.

బోర్డర్_లైన్
ఒప్పందం గురించి రాశారు. అడిగింది అమలు.

దిద్దుబాటు_బల్ల
తమ్ముడూ, రెండేళ్లుగా టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దుతున్నాను. నీలాంటి జవాబులు రోజూ నా బల్ల మీదికి వస్తాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. నువ్వు రాసింది "ఒప్పందంలోని ముఖ్యాంశాలను వివరించండి" అనే ప్రశ్నకు మంచి జవాబు. ఈ ప్రశ్నకు అది రెండు వాక్యాల ఉపోద్ఘాతం మాత్రమే.

ఒక్క అంశం తీసుకో. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. 1956 నవంబర్ 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ఉప ముఖ్యమంత్రిని పెట్టలేదు. అందరూ ఇక్కడిదాకా రాసి ఆపేస్తారు. 1959లో తెలంగాణ నాయకుడు కె.వి. రంగారెడ్డికి ఆ పదవి వచ్చింది. అప్పుడు "అమలు కాలేదు" అనాలా, "మొదట ఉల్లంఘించారు, ఆలస్యంగా ఇచ్చారు" అనాలా? ఆ తేడా తేల్చడమే పరిశీలించడం.

తెలంగాణ ప్రయోజనాలు చూసే ప్రాంతీయ సంఘమూ అంతే. 1958లో ఏర్పడింది, అది ఒక వైపు. సంఘం మాటకు ప్రభుత్వం ఒప్పుకోకపోతే గవర్నర్ నిర్ణయమే ఆఖరు, అది రెండో వైపు. ఇక ఉద్యోగాలు. స్థానికుల కోసం 1957లో చట్టం చేశారు, దాన్ని తెలంగాణకు వర్తింపజేసే భాగాన్ని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. నివాసం షరతు పెడితే రాష్ట్రం మొత్తానికి పెట్టాలి, అందులో ఒక ప్రాంతానికి కాదు అంది కోర్టు. అంటే ఇక్కడ తప్పు పాలకుల మనసులోనే కాదు, హామీకి రాజ్యాంగ బలం లేకపోవడంలోనూ ఉంది. ఈ మాట రాసిన పేపర్ కనిపిస్తే నా చెయ్యి ఆగుతుంది, మార్కు వేస్తాను.

చివర్లో నీ తీర్పు రెండు వాక్యాల్లో రాయి. పైన చూపిన ఆధారాల నుంచే రావాలి. అదే "చర్చించండి" అని ఉంటే అన్ని కోణాలూ చూపితే చాలావరకు సరిపోతుంది, తీర్పు మెత్తగా ఉన్నా ఫరవాలేదు. 150 మార్కులకు మూడు గంటలు అంటే పది మార్కులకు పన్నెండు నిమిషాలు. అందులో ఒక నిమిషం "అమలు" లాంటి మాట కింద గీత గీయడానికి పెట్టుకో.

సుద్దముక్క
మేడం బాగా చెప్పారు. కానీ "చర్చించండి"లో తీర్పు మెత్తగా ఉన్నా ఫరవాలేదు అంటే ఒప్పుకోను. చర్చ అంటే నిర్ణయానికి రావడమే.

కోఠి_పుస్తకాలు
సార్, చర్చకు నిర్ణయం తప్పనిసరి అని ఎక్కడుంది? విమర్శ అన్న మాట కూడా చూడండి. సంస్కృతంలో దాని మూలానికి తాకి చూడటం, ఆలోచించటం అని అర్థం. సాహిత్య విమర్శ అంటే మంచీ చెడూ రెండూ తూచడం. ఆ అర్థం పరీక్షల్లోకి రాలేదన్నదే నా బాధ.

బోర్డర్_లైన్
వ్యుత్పత్తికి మార్కులు రావు.

కోఠి_పుస్తకాలు
రావు. అర్థం తెలిస్తే వస్తాయి.

రాత్రి_బడి
అక్కా, 1959 సంగతి నా నోట్సులో లేదు. ఉప ముఖ్యమంత్రి పదవి ఎప్పుడూ ఇవ్వలేదనే రాసుకున్నా. మార్చుకుంటా. థాంక్స్.

మూడో_బెంచి
నా నోట్సులోనూ అలాగే ఉంది. "వ్యాఖ్యానించండి" అని వస్తే కూడా ఇదే పద్ధతేనా మేడం?

సుద్దముక్క
వ్యాఖ్యానం వేరు, విమర్శ వేరు. ముందు "చర్చించండి" సంగతి తేలనివ్వండి.