బ్రౌజర్ మొరాయిస్తోంది: బాగు చేసుకోవాలా, మార్చేయాలా?

రాత్రిపక్షి: అందరికీ నమస్కారం. కొద్దిరోజులుగా నా ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ సతాయిస్తోంది. తెరిచిన కాసేపటికే ఫ్యాన్ హోరెత్తిపోతుంది. టైప్ చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి. వీడియో పెడితే మధ్యలో నల్ల డబ్బాలు. ప్రైవేట్ విండోలో మాత్రం టైపింగ్ బాగానే ఉంది. క్యాష్, కుకీలు తీసేశాను, లాభం లేదు. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. ఏ బ్రౌజరో కావాలనే చెప్పడం లేదు, చెబితే చర్చ ఎటు పోతుందో తెలుసు.

గోరింటాకు: కుకీలు తీసేశారా! ఇక అన్ని సైట్లలో మళ్లీ లాగిన్ అవ్వాలి, పాపం.

పనిజరగాలి: చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది, ఫైర్‌ఫాక్సే అయ్యుంటుంది. తీసేసి క్రోమ్ వేసుకోండి. ఐదు నిమిషాల పని.

పాతచొక్కా: ఆయన రాసింది పూర్తిగా చదివారా అసలు? మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ప్రైవేట్ విండోలో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయవు. అక్కడ బాగుందంటే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌టెన్షన్లనే. రాత్రిపక్షి గారూ, బ్రౌజర్ విండోలో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో పట్టిక వస్తుంది. సీపీయూ గడి తలమీద నొక్కితే ఎక్కువ తినేది పైకొస్తుంది.

అరసున్నా: నల్ల డబ్బాలకి సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆపేస్తే సరి.

పాతచొక్కా: ఆపేసి వదిలేయకూడదు. గ్రాఫిక్స్ చిప్ చేసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడి ఫ్యాన్ ఇంకా మోగుతుంది. పరీక్ష కోసం ఆపి చూడండి. డబ్బాలు పోతే తప్పు చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది, అంటే ఆ చిప్‌ని నడిపే ప్రోగ్రాముది. దాన్ని అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి.

పనిజరగాలి: ఒక్క ప్రశ్నకి మనిషిని ఎన్ని మెట్లు ఎక్కిస్తున్నారో చూడండి. క్రోమ్ ర్యామ్ తింటుందని మీవాళ్లంతా గోల పెడతారు. ఖాళీగా పడున్న ర్యామ్‌ని ఏం చేసుకుంటాం?

పాతచొక్కా: ర్యామ్ మాట నేనెత్తానా? 8 జీబీ ఉన్నాయనకి చెప్పే మాటా ఇది! పోనీ, ఎత్తారు కాబట్టి చెబుతున్నా. క్రోమ్ 2008లో వచ్చినప్పుడే ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టింది. ఒక పేజీ కూలినా మిగతావి నిలబడతాయి. మంచి ఆలోచనే, కాకపోతే దానికి మెమరీ కావాలి. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారిలో ఉంది కాబట్టి ర్యామ్ గొడవ అనవసరం.

నా బాధ వేరు. పేజీని తెరమీద గీసి చూపించే భాగాన్ని ఇంజన్ అంటారు. ఒపేరా 2013లో సొంత ఇంజన్ వదిలేసింది, ఎడ్జ్ 2020లో వదిలేసింది. అవి రెండూ, బ్రేవ్ కూడా, ఇప్పుడు క్రోమ్‌కి పునాది అయిన గూగుల్ క్రోమియం మీదే. ఇక గట్టిగా మిగిలిన ఇంజన్లు గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా గెకో. అన్నీ ఒకే చేతికి పోతే ఏమవుతుందో గూగుల్ ఎక్స్‌టెన్షన్లకి కొత్త నిబంధనలు పెట్టినప్పుడు చూశాం. ఆ నిబంధనలు, అంటే మ్యానిఫెస్ట్ వీ3, వచ్చాక క్రోమ్‌లో ప్రకటనలు ఆపే అసలు యూబ్లాక్ ఆరిజిన్ పోయి దాని తేలిక రూపం ‘లైట్’ మిగిలింది.

గోరింటాకు: నాకు ఆ లైట్ చాలండీ. తేడా కూడా తెలియలేదు.

పనిజరగాలి: మరి మొజిల్లాకి జీతాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? దాని ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

పాతచొక్కా: డబ్బు ఎవరిదైనా ఇంజన్ వేరేది. నేనడుగుతున్నదానికి అది జవాబు కాదు.

రాత్రిపక్షి: షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి చూశాను. పేజీ మొత్తాన్ని ఫొటో తీసే ఎక్స్‌టెన్షన్ ఒకటి అన్నిటికన్నా పైన కూర్చుంది, నేను దాన్ని ముట్టుకోకపోయినా. తీసేయగానే టైపింగ్ దారికొచ్చింది, ఫ్యాన్ కూడా తగ్గింది. పాతచొక్కా గారికి థ్యాంక్స్. నల్ల డబ్బాలు అలాగే ఉన్నాయి.

పనిజరగాలి: సంతోషం. కానీ పాతచొక్కా గారూ, మీ ఉపన్యాసాల ఫలితం అనుభవించేది మీరు కాదు, నేను. మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనే. ఒకాయన ఇలాంటివే ఎక్కడో చదివి బ్రౌజర్ మార్చాడు. లీవు పేజీలో తేదీలు నింపి బటన్ నొక్కితే చలనం లేదు. ఎర్రర్ కూడా రాదు, బటన్ అలా చూస్తూ ఉంటుంది. లీవు పోయింది, నన్ను అందరి ముందూ కడిగేశాడు. సైట్ చేసినవాళ్లని అడిగితే “మేం ఒక్క బ్రౌజర్‌లోనే టెస్ట్ చేశాం” అని చేతులు దులుపుకున్నారు. ఇంజన్లు మూడుంటే ఎంత, ముప్పై ఉంటే ఎంత?

పాతచొక్కా: అలా చెప్పండి! మరి ఇంతసేపూ ర్యామ్, జీతాలు అంటారేంటి? మీ కోపం ఆ సైట్ చేసినవాళ్ల మీద ఉండాలి, బ్రౌజర్ మార్చిన పెద్దమనిషి మీద కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 6 వచ్చాక ఆఫీసులు సైట్లన్నీ దానికే రాయించుకున్నాయి. 2022లో ఐఈని సాగనంపినా, ఆ పాత సైట్ల కోసమే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడు పేరు మారింది, అంతే.

పనిజరగాలి: “ఉండాలి” అనడం తేలికండీ. అర్జంటుగా లీవు కావాల్సిన మనిషికి వెబ్ ప్రమాణాల పాఠం చెప్పమంటారా?

పాతచొక్కా: ఆ ఒక్క పేజీకి రెండో బ్రౌజర్ ఉంచుకోమనండి. కానీ అందరినీ ఒక్కదాంట్లోకే తోలేస్తే సైట్ చేసేవాళ్లు ఇంకోదాంట్లో టెస్ట్ ఎందుకు చేస్తారు? ఫిర్యాదే ఉండదు కదా.

పనిజరగాలి: ఫిర్యాదు మీరు రాస్తారు, ఫోన్లు నాకొస్తాయి.

అరసున్నా: అయ్యా, ఇద్దరూ కాస్త శాంతించండి. రాత్రిపక్షి గారూ, డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకోండి. అయినా తగ్గకపోతే బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ (మీ సెట్టింగులు, బుక్‌మార్కులు ఉండే చోటు) చేసి చూడండి, పాతది మాత్రం చెరపొద్దు.

రాత్రిపక్షి: డ్రైవర్ మార్చాక డబ్బాలు పోయాయి. యాక్సెలరేషన్ ఆన్‌లోనే ఉంది. నా మటుకు సమస్య తీరింది, మీరు కానివ్వండి.

పనిజరగాలి: పాతచొక్కా గారూ, ఆ లీవు పేజీలో ఎఫ్12 నొక్కి పేజీలో తప్పులు చూపించే కన్సోల్ తెరిస్తే ఎర్రగా ఏదో ఒక లైను కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్ పెడతా, సైట్ వాళ్లకి ఏం రాయాలో మీరే రాసివ్వండి. మీతో ఒప్పుకున్నానని కాదు, ఈసారి ఎవరైనా తిడితే ఫార్వర్డ్ చేయడానికి.