మీటరు బాగుందంటోంది, రొయ్యల గుంట చూస్తే తేడాగా ఉంది. మేత ఆపాలా?

ప్రశ్న (ఇందుకూరుపేట వైపు):
వనామీ రకం రొయ్య, 60 రోజుల పంట. రెండు రోజులుగా పచ్చగా ఉన్న నీళ్లు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. చెక్ ట్రేలో (తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతోంది, రొయ్య చేతిలో మునుపటంత ఎగరట్లా. టెక్నీషియన్ పగలు పదింటికి వచ్చి మీటరుతో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 6 చూసి, బాగానే ఉంది, మేత తగ్గిస్తే కౌంటు (రొయ్య సైజు) రాదంటున్నాడు. మనసు ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

గట్టుమీద (ఒక సభ్యుడి జవాబు):
ఆపేయన్నా, ఎవర్నీ అడగబళ్లేదు. ఒక పూట మేత ఆపితే పెద్దగా పోయేదేం లేదు. తినని మేత అడుగున కుళ్లితే గుంటే పోద్ది. ఎండలో ప్లాంక్టన్ (నీళ్లకి రంగిచ్చే సన్న నాచు) ఆక్సిజన్ వదులుద్ది, అందుకే పదింటి డీవోని నమ్మకూడదు. తెల్లవారుజామున 4-5 మధ్య, గుంట అడుగునేలకి జానెడు పైన కొలువు. 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాములు) కంటే దిగితే ఏరేటర్లన్నీ (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) తిప్పు. రంగు తిరిగిందంటే ప్లాంక్టన్ చస్తోందేమో, అప్పుడు రాత్రి డీవో ఇంకా పడుద్ది.

రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టి పేగు చూడు. తల నుంచి తోక దాకా తెగకుండా మేత రంగులో ఉంటే సరే. మధ్యలో తెగితే తిండి తగ్గినట్టు. నల్లగా ఉంటే మేత వదిలి అడుగు మట్టి గీకుతున్నట్టు. గాలి వాలు మూలన తెల్ల దారాలు తేలితే వైట్ ఫీకల్ (తెల్ల రెట్ట జబ్బు).

ఉప్పుటేరు (ఇంకో సభ్యుడి జవాబు):
ముందు క్యాలెండర్ చూడండి. పున్నమి, అమావాస్యలకి రొయ్య కుబుసం విడుస్తుంది, ఒకట్రెండు రోజులు మేత తగ్గడం మామూలే. ట్రేలో పెంకులు, మెత్తటి రొయ్యలు కనపడతాయి. మేత ఆపడం, ఏరేటర్ వేయడం అనుమానం మీదే చేసేయొచ్చు, తర్వాత సరిదిద్దుకోవచ్చు. మందులకీ పట్టుబడికీ (రొయ్యలు పట్టి అమ్మడానికీ) మాత్రం అనుమానం చాలదు. శానిటైజరు (క్రిములు చంపే మందు), ప్రోబయాటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులు) ఒకే రోజు వేస్తే మొదటిది రెండోదాన్ని చంపేస్తుంది. మెత్తటి రొయ్య పడితే రేటు కోస్తారు. ట్రేలో చచ్చిన రొయ్య కనపడితే అడుగున ఇంకా ఎక్కువే ఉంటాయి, ఆ రోజే పీసీఆర్‌కి (జబ్బు క్రిమిని పట్టే ల్యాబ్ పరీక్షకి) పంపండి. ఫలితం వచ్చేదాకా కాలవలోకి నీళ్లు వదలొద్దు, పక్క గుంటలకి అంటుకుంటుంది.

ప్రశ్న వేసినతను:
మేత ఆపేశా. సున్నం వేయొచ్చా?

గట్టుమీద:
కాల్చిన సున్నం వద్దు. పీహెచ్ ఎగిరితే ఉన్న అమోనియానే విషమవుద్ది. అమోనియా, పీహెచ్ మధ్యాహ్నం మూడింటికి కొలువు, అప్పుడే పీహెచ్ ఎక్కువుంటది. ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే నీటి క్షారగుణం) 100 పీపీఎం కంటే తక్కువుంటేనే డోలమైట్ (ఒక రకం సున్నపురాయి పొడి), అదీ సాయంత్రం.