బాల్కనీ స్లైడింగ్ డోర్ జరుగుతలేదు, లాక్ పడ్తలేదు. మొత్తం మార్చాల్నా?

మూడో_ఫ్లోర్:
అందరికి నమస్తే. హనుమకొండల మాది మూడో ఫ్లోర్, హాల్ నుంచి బాల్కనీకి రెండు షట్టర్ల అల్యూమినియం స్లైడింగ్ డోర్, పెట్టించి ఆరేండ్లయితుంది. ఎండాకాలం నుంచి ఒక షట్టర్ మస్తు గట్టిగయింది, మా అమ్మ భుజం పెట్టి నూకుతది, కింద గరగర సప్పుడు. కొబ్బరినూనె పోసిన, రెండ్రోజులు మంచిగ నడిచి మళ్ల అంతకంటె ఎక్కువైంది. ఇప్పుడు లాక్ గూడ పడ్తలేదు, కొక్కెం ఫ్రేమ్ బొక్క కంటె జర కిందికి తాకుతుంది, షట్టర్ ను చేతులతోని పైకి లేపి పట్టుకుంటె మాత్రం పడ్తది. వాన పడితె ట్రాక్ ల నీళ్లు నిండి హాల్లకే. పనాయన చూసి డోర్ మొత్తం మార్చాలె అంటున్నడు, నిజమేనా?

పానా_స్క్రూడ్రైవర్:
అక్కా ఆగు, ఏం మార్చకు. లేపితె లాక్ పడ్తుందంటె షట్టర్ దిగింది, అంతే. ముందుగాల ఆ నూనె సంగతి చూడు, నూనెకు దుమ్ము పట్టి ట్రాక్ ల మొత్తం అంబలి లెక్క అయి ఉంటది. పొడి బ్రష్ తోని ఊడ్చి, గిన్నెల సబ్బునీళ్లతోని తుడిచి ఆరనియ్యి. తర్వాత షట్టర్ సన్నంచు చూడు, అడుగున చిన్న బొక్క ఉంటది, కొన్నిటికి ప్లాస్టిక్ మూత ఉంటది, లోపల స్క్రూ, అది తిప్పితె బేరింగ్ (షట్టర్ కింది చక్రం) దిగి షట్టర్ లేస్తది. డోర్ ను ఫ్రేమ్ కు వేలెడు దూరంల ఆపి సందు చూడు, పైన సన్నగ కింద వెడల్పుగ ఉంటె లాక్ దిక్కే షట్టర్ దిగినట్టు. ఒక్కసారి సగం చుట్టే తిప్పు, ఇంకొకరు షట్టర్ ను జర లేపి పట్టాలె, బరువు మీద తిప్పితె స్క్రూ తలకాయ అరిగిపోతది, గప్పుడు నిజంగనే పనాయన కావాలె 😀 లాక్ ప్లేటుకు (ఫ్రేమ్ మీద కొక్కెం పడే రేకు) ఇప్పుడే చెయ్యి పెట్టకు, షట్టర్ సక్కగయినంక అదే కుదురుతది. అన్ని బేరింగ్ లకు ఈ స్క్రూ ఉండది, లేకపోతె షట్టర్ దించుడే.

కాజీపేట_పోరడు:
గంత కష్టం ఎందుకన్నా, గ్రీజు పెడితె అయిపాయె

పానా_స్క్రూడ్రైవర్:
తమ్మీ గ్రీజు గూడ దుమ్మును పట్టుకుంటది, నూనె చేసింది సరిపోలేదా? ట్రాక్ కడిగినంక సిలికాన్ స్ప్రే పల్చగ కొట్టి తుడిస్తె చాలు.

ఏనుమాముల_ఇల్లు:
మాది మార్కెట్ దిక్కు, పత్తి సీజన్ ల దూది అంతట ఎగురుతది. మా డోర్ గిట్లనే అయితె దించి చూసినం, బేరింగ్ ఇరుసుకు దూది, ఆడోళ్ల ఎంటికలు చుట్టుకొని తాడు లెక్క బిగిసినయి. చక్రం తిరుగక రాకుకుంట పోయి ఒకదిక్కు సపాటుగ అరిగింది. దించాల్సి వస్తె ఒక్కదానివే పట్టకు అక్కా, మూడడుగుల వెడల్పు ఏడడుగుల ఎత్తుకు 5 ఎంఎం అద్దమే 24 కిలోల దాక తూగుతది, ఫ్రేమ్ వేరే. పైన షట్టర్ లేవకుంట ఆపే ముక్క ఉంటె ముందుగాల అది తియ్యి, షట్టర్ ను పై ట్రాక్ లకు లేపి అడుగు భాగం నీ దిక్కు గుంజాలె. కింద బొంత పరువు, టఫెన్డ్ (గట్టిపరిచిన) అద్దం మూల రాయికి తాకిందంటె పలగడు గాదు, మొత్తం ముక్కలు ముక్కలు. పాత బేరింగ్ జేబుల ఏసుకొని షాపుకు పో, సైజు నోటితోని చెప్తె వేరేది ఇస్తరు, రెండు గూడ ఒక్కసారే మార్చు.

కాజీపేట_పోరడు:
నీళ్ల సంగతి ఎవ్వరు చెప్పలే. కింది ఫ్రేమ్ కు బయటి దిక్కు నీళ్లు పోనీకి బొక్కలు ఉంటయి, బండలేసినోళ్లు సిమెంటుతోని పూడుస్తరు. అగర్బత్తి పుల్ల పెట్టి చూడు, మగ్గు నీళ్లు పోస్తె అటు దిక్కు కారాలె.

మూడో_ఫ్లోర్:
అందరికి థాంక్స్. తమ్ముడు చెప్పినట్టే రెండు బొక్కలల్ల వైట్ సిమెంట్, మొలతోని గీకితె ఊడింది, నీళ్లు పోతున్నయి. ట్రాక్ ల నుంచి నల్లటి ముద్ద చేటెడు ఎల్లింది. లాక్ దిక్కు స్క్రూ రెండున్నర చుట్లు తిప్పితె కొక్కెం సక్కగ పోయి పడ్డది, ప్లేటు ముట్టనే లేదు. అమ్మ ఒక్క చెయ్యితోని జరుపుతుంది. కని జరిపినప్పుడల్ల ఇంక టక్ టక్ అంటుంది.

ఏనుమాముల_ఇల్లు:
ప్రతిసారి ఒకే దూరానికి టక్ మంటె చక్రం అరిగింది. ఆదివారం మీ అన్ననో తమ్ముణ్నో పిలిచి దించుర్రి.