రొయ్యల చెరువు మకాంకు వైర్‌లెస్ లింకు: ఉప్పుగాలికి, వానకు తట్టుకునేలా బిగించడం ఎలా?

ప్రశ్న – మలికిపురం రైతు

రాత్రివేళ చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే ఇంటి నుంచే చూసుకునేందుకు, సుమారు కిలోమీటరు దూరంలోని చెరువు మకాం వద్ద కెమెరాలు పెట్టి, 5 గిగాహెర్ట్జ్ రేడియోల (తీగ లేకుండా సిగ్నలు పంపి, అందుకునే పరికరాల) జతతో కలపాలనుకుంటున్నాను. సముద్రం దగ్గరే కావడంతో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. రేడియో చుట్టూ సిలికాన్ పూసి పూర్తిగా మూసేయవచ్చా? స్తంభానికి బదులు గట్టు మీది కొబ్బరిచెట్టుకే బిగించవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – అమలాపురం, నెట్‌వర్కు పనులు

పూర్తిగా మూసేయకండి. పగటి ఎండకు వేడెక్కిన లోపలి గాలి, వాన పడి చల్లబడగానే కుంచించుకుపోయి సన్న సందుల గుండా తేమను లాక్కుంటుంది. ఆ తేమ పోయే దారి లేకపోతే నీరై నిలిచి, కేబులు గుచ్చే పోర్టులోని పిన్నులకు చిలుము పట్టిస్తుంది. కనుక అడుగున తయారీదారు వదిలిన రంధ్రాన్ని ఎన్నడూ పూడ్చకూడదు, పోర్టు మూత కిందివైపే ఉండాలి. కేబులును రేడియోకు చేర్చే ముందు కిందికి ఒక వంపు వదిలితే, తీగ వెంట జారే నీరు అక్కడే కారిపోతుంది. గోడ రంధ్రం కూడా బయటివైపుకు వాలుగా ఉండాలి.

సిలికాన్ తప్పనిసరైన చోట వెనిగర్ వాసన వచ్చే రకం వాడవద్దు, అది రాగిని తినేస్తుంది; న్యూట్రల్ రకం అడగండి. కేబులు ఎండకు తట్టుకునే నల్లని తొడుగు గల అసలు రాగిదే కొనండి. రాగిపూత పూసిన అల్యూమినియం తీగ చవకగా దొరుకుతుంది గానీ, ఉప్పుగాలిలో దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. క్లాంపులు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే మంచిది.

జవాబు – భీమవరం

కొబ్బరిచెట్టు వద్దండి. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా రేడియో గురి తప్పి, తుఫాను రోజున, అంటే లింకు అత్యవసరమైన వేళలోనే, తెగిపోతుంది. లాగుడు తీగలు కట్టిన జీఐ పైపు స్తంభం వేయండి. ఎదుటి రేడియో కంటికి కనిపిస్తే చాలదు. కిలోమీటరు లింకుకు నడిమధ్యలో, రెండు రేడియోలను కలిపే ఊహాగీత చుట్టూ సుమారు మూడున్నర మీటర్ల మేర ఖాళీ ఉంటే సిగ్నలు నిలకడగా ఉంటుంది. తడిసిన కొబ్బరి మట్టలు సిగ్నలును బాగా మింగేస్తాయి కాబట్టి, ఎండాకాలంలో పనిచేసిన లింకు వానల్లో కూడా పనిచేస్తుందని అనుకోకండి.

మలికిపురం రైతు

ఇద్దరికీ ధన్యవాదాలు. స్తంభమే వేయిస్తాను. మరి పిడుగుల సంగతి?

జవాబు – అమలాపురం, నెట్‌వర్కు పనులు

నేరుగా పడే పిడుగును ఏ పరికరమూ ఆపలేదు. దగ్గరలో పడినప్పుడు తీగల్లోకి వచ్చే విద్యుత్ తాకిడిని మాత్రం తగ్గించగలం. స్తంభానికి ఎర్తింగ్ చేయించి, షీల్డు (లోహపు పొర) ఉన్న కేబులు వాడి, రేడియో దగ్గర ఒకటి, కేబులు లోపలికి వచ్చే చోట ఒకటి సర్జ్ ప్రొటెక్టర్లు (ఆ తాకిడిని ఎర్తులోకి మళ్లించేవి) పెట్టండి. స్తంభం ఎర్తునూ మకాం కరెంటు ఎర్తునూ తప్పక కలపాలి. విడివిడిగా వదిలేస్తే, పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య వచ్చే వోల్టేజి తేడాకు విద్యుత్తు మీ రేడియో గుండానే పోతుంది. మన ఉప్పునేలలో ఎర్తు కడ్డీ త్వరగా పాడవుతుంది కనుక, అక్టోబరు తుఫానులు మొదలవకముందే ఏటా దాని బిగింపులు విప్పి చూడండి.