స్వలీనత, పలకడం

ప్రశ్న: అంగన్‌వాడీ కార్యకర్తల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. ఆటిజంకు ‘స్వలీనత’ అని రాశాను. హిందీలో వాడుతున్నారు, సంస్కృత పదం కనుక మనకూ అతుకుతుందని అనుకున్నాను. మీరేమంటారు?

జవాబు: మూలానికి న్యాయం చేసే మాటేనండీ. గ్రీకులో ‘ఆటోస్’ అంటే తాను. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు లోకాన్ని వదిలి తమలోకి ముడుచుకుపోవడాన్ని స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 ప్రాంతంలో ఆటిజం అన్నాడు. 1943లో మనోవైద్యుడు లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లలను వర్ణిస్తూ అదే మాట తీసుకున్నాడు. చిక్కు అక్కడే మొదలైంది. లీనం కావడం మనసు పెట్టి చేసే పని. పాటలో లీనమవుతాం, ధ్యానంలో లీనమవుతాం. బిడ్డ తనలో తాను లీనమయ్యాడంటే, ఎవరు దగ్గరకు తీయక అలా అయ్యాడు అనే ప్రశ్న తల్లి మీదికి పోతుంది. పోయింది కూడా. తల్లి ఆప్యాయంగా లేకపోవడమే కారణమని పాశ్చాత్య వైద్యులు ఎందరో ఏళ్ల తరబడి నమ్మారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. పెంపకమే కారణమైతే రెండు రకాల కవలల్లో ఇంత తేడా ఉండదు. పుట్టుకలోని కారణానికి తల్లులు నింద మోశారు.

ఆటిజంలోనూ ఆ ‘తాను’ ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ తెలుగు చెవికి వినిపించదు. స్వలీనతలో వినిపిస్తుంది.

మరొక జవాబు: నేను స్పీచ్ థెరపిస్టును. నా దగ్గరకు వచ్చే తల్లులు మొదట స్వలీనత అనరు, ఆటిజం అనీ అనరు. ‘పిలిస్తే పలకడం లేదు’ అంటారు. చెవి పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందన్నాక వస్తారు. వంటింట్లో బిస్కెట్ పొట్లం విప్పిన చప్పుడుకు పరుగెత్తుకొచ్చే బిడ్డ, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు.

పలకడం ఎంత మంచి క్రియో చూడండి. మీటితే వీణ పలుకుతుంది, కొడితే గంట పలుకుతుంది. మాట్లాడటానికి ఒకరు చాలు, పలకడానికి ఇద్దరు కావాలి. మెదడు శాస్త్రం వెతుకుతున్నదీ ఆ ఇద్దరి మధ్య దారినే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో బడి వయసు పిల్లల మెదళ్లను స్కాన్ చేశారు. మనిషి గొంతును గుర్తించే ప్రాంతానికీ సంతోషాన్ని కలిగించే ప్రాంతాలకూ మధ్య అనుసంధానం ఆటిజం ఉన్నవారిలో బలహీనంగా కనిపించింది. అంటే వినపడక కాదు. అమ్మ గొంతు మిగతా చప్పుళ్లను దాటుకుని లోపలికి వెళ్లడం లేదేమో.

అదే ఏడు జోన్స్, క్లిన్ అనే పరిశోధకులు పసిపిల్లల చూపును నెల నెలా కొలిచారు. తరువాత ఆటిజం అని తేలిన పిల్లలు కూడా రెండో నెలలో ఎదుటివారి కళ్లలోకి చూస్తూనే ఉన్నారు. ఆరో నెల వచ్చేసరికి ఆ చూపు తగ్గుతూ వచ్చింది. మొదటినుంచీ తనలో లీనమైన బిడ్డ కాదన్నమాట. మాటలు రావలసిన వయసుకు చాలా ముందే దారి మెల్లగా పక్కకు మళ్లుతోంది. అందుకే ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, కొన్నాళ్లు ఆగండి’ అనే ఓదార్పు విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. శీర్షిక ‘ఆటిజం’ అనే ఉంచుతాను. మొదటి వాక్యాన్ని ఇలా మార్చాను: ‘ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే పలకడా?’

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒక్క సవరణ. ‘పలకడు’ తద్ధర్మ క్రియ. ఎప్పుడూ అంతే, వాడి స్వభావమే అది అన్నట్టు వినిపిస్తుంది. ‘పలకడం లేదు’ ఇప్పటి సంగతి మాత్రమే చెబుతుంది. పైగా ‘పలకడు’లో ఆడపిల్లకు చోటు లేదు. ఆడపిల్లల్లో ఆటిజంను అసలే ఆలస్యంగా గుర్తిస్తున్నారు. ‘పలకడం లేదా?’ అని రాయండి.