ఇంటి కంప్యూటర్‌కి ఏ ఫ్రీ యాంటీవైరస్ మంచిది? పెన్‌డ్రైవ్‌లతో విసిగిపోయాను

కంచరపాలెం డీటీపీ:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంట్లోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని తెలుగు డీటీపీ చేస్తాను. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, పడిపూజ కరపత్రాలు, ఎన్నికలొస్తే పాంప్లెట్లు. 2017లో కొన్న సిస్టమ్. 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి పాలు పొయ్యి మీద పెట్టి వస్తే, పాలు పొంగే సమయానికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది.

నా పనంతా పెన్‌డ్రైవ్‌ల మీదే. ఫోటోలు, పాత కార్డులు అన్నీ జనం వాటిలోనే తెస్తారు. కొన్నాళ్లుగా నా సిస్టమ్‌కి ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా లోపలి ఫోల్డర్లు మాయమైపోయి, అవే పేర్లతో షార్ట్‌కట్లు కనిపిస్తున్నాయి. మొన్న ప్రెస్సు అతను ఫోన్ చేసి "అక్కా, ఏమీ అనుకోకు, నీ పెన్‌డ్రైవ్ మా మిషన్‌లో పెట్టను" అన్నాడు. పన్నెండేళ్ల పరిచయం. సిగ్గేసింది.

దీనికి తోడు కుడిపక్క కింద మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని పది నిమిషాలకోసారి వస్తుంది, కుయ్‌మని శబ్దంతో సహా. మా అత్తగారికి కూడా అలవాటైపోయింది, "అదిగో నీ వైరస్ పిలుస్తోంది" అంటారు.

మూడు నెలల కిందట సీపీయూని ఆటోలో వేసుకుని ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్లాను. 800 తీసుకుని ఫార్మాట్ చేసి, "లైఫ్‌టైమ్ యాంటీవైరస్ వేశాను మేడమ్" అన్నాడు. నెల తిరక్కుండా లైసెన్స్ అయిపోయిందని ఎర్రగా చూపించడం మొదలుపెట్టింది. ఎవరి లైఫ్‌టైమో అడగాల్సింది. దాన్ని నేనే తీసేశాను. ఇప్పుడు విండోస్ డాలు బొమ్మ మీద ఆకుపచ్చ టిక్కు ఉంది, షార్ట్‌కట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అవాస్ట్, ఏవీజీ, అవీరా, బిట్‌డిఫెండర్... వీటిలో ఏది వేసుకోమంటారు? ఇది ఆషాఢం. ముహూర్తాలు లేవు, చేతిలో పని లేదు, కాబట్టి కొనే మాట ఎత్తకండి.

సాగరతీరం:

అక్కా, అవాస్ట్ ఫ్రీ వేసేయండి. పదేళ్లుగా వాడుతున్నా, ఒక్క వైరస్ రాలేదు. అప్పుడప్పుడూ "అది కొనండి, ఇది కొనండి" అని గోల చేస్తుంది, పట్టించుకోకండి.

పెంగ్విన్ బాబు:

విండోస్ తీసేసి లినక్స్ వేసుకోండి. ఈ గొడవే ఉండదు.

కంచరపాలెం డీటీపీ:

పెంగ్విన్ బాబు గారూ, అందులో నేను కార్డులు చేసే పేజ్‌మేకర్ నడుస్తుందా?

పెంగ్విన్ బాబు:

కష్టమేనండి.

మధురవాడ ల్యాబ్:

అమ్మా, మా కాలేజీ ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లు చూసుకుంటాను. పిల్లలు రోజూ పెన్‌డ్రైవ్‌లు గుచ్చే చోటు, కాబట్టి మీ బాధ నాకు తెలుసు.

ముందు ఆ కుయ్‌మనే దాని సంగతి. అది చాలావరకు వైరస్ కాదు. ఎవరో ఏదో సైట్‌లో "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడిగితే అలవ్ నొక్కి ఉంటారు. ఆ సైట్ పంపే ప్రకటనే వైరస్ వేషం వేసుకుని వస్తోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అలవ్ కింద మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆ ప్రకటన మీద నొక్కకండి. అందులో ఫోన్ నంబరు ఉంటే అసలు చేయకండి. "మేడమ్, ఎనీడెస్క్ వేసుకోండి, నేను బాగుచేస్తాను" అంటాడు (అది వేస్తే మీ కంప్యూటర్ దూరం నుంచే వాడి చేతికి వెళ్తుంది), తర్వాత బాగుపడేది వాడే. ఇప్పటికే అలా డబ్బు పోయినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక యాంటీవైరస్. సాగరతీరం గారు ఏమీ అనుకోవద్దు, నేనూ ఒకప్పుడు అవాస్టే వేసేవాణ్ణి. 2020 జనవరిలో తెలిసిందేమిటంటే, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. దాన్ని మూసేశారు. 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ అవాస్ట్ చేత కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. ఏవీజీని 2016లోనే అవాస్ట్ కొనేసింది. ఇప్పుడు అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ అన్నీ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. మీరు నాలుగు పేర్లు రాశారు, అందులో మూడు ఒకే ఇంటివి. వైరస్‌లు పట్టడంలో అవి చేతకానివని నేననను. మీ 4 జీబీ ర్యామ్‌లో ఇంకో అద్దెదారుకి చోటెక్కడుందన్నదే నా ప్రశ్న. మిగిలిన బిట్‌డిఫెండర్ ఫ్రీ రొమేనియా వాళ్లది. గోల తక్కువ. మీకు కొత్తది వేసుకుంటే గానీ మనసు ఊరుకోదంటే అది వేసుకోండి. అంతేగానీ రెండు మాత్రం ఒకేసారి పెట్టకండి, ఒకదాన్నొకటి అనుమానిస్తూ కూర్చుంటాయి.

నన్నడిగితే ఏదీ వేయొద్దు. విండోస్‌తో వచ్చిన డిఫెండర్ చాలు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ పరీక్షల్లో అది ఎన్నో ఏళ్లుగా పెద్ద పేర్ల వరుసలోనే ఉంటోంది. ఒకప్పుడు దాన్ని ఎగతాళి చేసేవాళ్లం, అది నిజమే. ఆ రోజులు పోయాయి.

అయితే మీరు రాసినదాంట్లో ఒకటి నాకు కొరుకుడు పడలేదు. షార్ట్‌కట్ వైరస్ చాలా పాతది. డిఫెండర్ సరిగ్గా పనిచేస్తుంటే దాన్ని ఇట్టే పట్టాలి. టిక్కు పచ్చగా ఉండి కూడా పట్టలేదంటే, చూడొద్దని దానికెవరో చెప్పి ఉండాలి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి అట్టడుగుకి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. అందులో ఏముందో రాయండి.

ఇంకో మాట. ఆ షాపులో ఫార్మాట్ చేశాక మీ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఎవరు ఎక్కించారు? కొన్నదేనా?

కంచరపాలెం డీటీపీ:

మాస్టారూ, చూశాను. మూడు వరుసలున్నాయి. సీ, డీ, ఈ. డ్రైవ్‌ల పేర్లే, ఇంకేమీ లేవు. ఈ అంటే నేను పెన్‌డ్రైవ్ పెట్టేదే.

మీరడిగిన రెండోదానికి జవాబు చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. నాకు పని నేర్పిన ఆవిడ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉండేది ఆ సాఫ్ట్‌వేర్, క్రాక్‌తో సహా, అంటే కొనకుండానే నడిచేలా లాక్ విరగ్గొట్టే ఫైల్‌తో. షాపు అబ్బాయికి అదే ఇచ్చాను. "యాంటీవైరస్ దీన్ని పట్టేస్తోంది మేడమ్, ఒక్క నిమిషం" అని ఏదో నొక్కాడు. పనైపోయిందిలే అనుకున్నాను.

మధురవాడ ల్యాబ్:

ఆ ఒక్క నిమిషంలోనే జరిగింది. ఒక్క ఫైల్‌ని వదిలేయమని చెప్పాల్సిన చోట ఇల్లు మొత్తం వదిలేయమన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, జీతమూ తీసుకుంటున్నాడు, కళ్లకి మాత్రం గంతలు కట్టారు. దీని మీద మీరు ఏ కంపెనీది తెచ్చి వేసినా, ఆ క్రాక్ కోసం మళ్లీ దాన్నీ ఆపించేవారే.

వరుస తప్పకుండా చేయండి. ముందు ఆ మూడింటినీ ఎక్స్‌క్లూజన్స్‌లోంచి తీసేయండి. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్ అడ్డుపడలేదు. పావుగంట అంటారు, మీ హార్డ్‌డిస్క్‌కి ఇంకాస్త పట్టొచ్చు. ఆ తర్వాత ఫుల్ స్కాన్ రాత్రికి పెట్టి పడుకోండి.

పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్లు పోలేదు, దాక్కున్నాయి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచమనే టిక్కు తీసేస్తే కనబడతాయి. మీకు కావలసినవి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. షార్ట్‌కట్ మీద మాత్రం నొక్కొద్దు, నొక్కితేనే అది మళ్లీ లేస్తుంది. అక్కడే ఫైల్ ఎక్స్‌టెన్షన్లు దాచమనే టిక్కు కూడా తీసేయండి. పెళ్లికార్డు పీడీఎఫ్ అనుకున్నదాని పేరు చివర ఈఎక్స్ఈ ఉంటే, అది కార్డు కాదు, ప్రోగ్రామ్ అని తెలిసిపోతుంది.

మీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే, డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని ఉంటుంది, చూడండి. మీ 2017 ప్రాసెసర్‌కి విండోస్ 11 దాదాపుగా రాదు.

క్రాక్ గురించి నేను ఉపన్యాసం ఇవ్వను. కొంటే ఒక బాధ తీరుతుంది, అంతే. కరపత్రాల వరకైనా యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగులో, చేసి చూడండి. రామభద్ర, మండలి, గురజాడ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పేజ్‌మేకర్ వాటిని చదవలేదు గానీ లిబ్రేఆఫీస్‌లో చక్కగా వస్తాయి.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:

అమ్మా, ఇవన్నీ చేసే ముందు పాత కార్డులన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, కేబుల్ పీకేసి బీరువాలో పెట్టు. తగిలించి ఉంచితే బ్యాకప్ కాదు. 2017 మే నెలలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు దాని దారి మూసే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లు ఏడ్చారు. నేనూ అప్పట్లో అప్‌డేట్ అడిగితే "రేపు" అని నొక్కేవాణ్ణే.

కంచరపాలెం డీటీపీ:

నాలుగు రోజులైంది, చెప్పి వెళ్దామని వచ్చాను.

నోటిఫికేషన్స్‌లో పదకొండు సైట్లున్నాయి. అన్నీ మావాడు టెన్త్ మెటీరియల్ కోసం తిరిగినప్పుడు అలవ్ నొక్కినవే. తీసేశాను, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టు ముందు కాపీ పెట్టుకున్నాను. ఆఫ్‌లైన్ స్కాన్‌కి నలభై నిమిషాలు పట్టింది. తెర నల్లగా అయితే టెన్షన్ పడి ఒకసారి స్విచ్ దాకా వెళ్లి వచ్చాను. రాత్రి ఫుల్ స్కాన్‌లో ఇరవై మూడు దొరికాయి, వాటిలో తెలుగు సాఫ్ట్‌వేర్ క్రాక్ కూడా ఉంది. అది పోయేసరికి ఇప్పుడు పేజ్‌మేకర్‌లో తెలుగు పడటం లేదు. సాఫ్ట్‌వేర్ ఎంతవుతుందో కనుక్కుంటున్నాను. శ్రావణం కార్డులు రెండు ఒప్పుకున్నాను, ఆ డబ్బు దానికే పోయేలా ఉంది.

యాంటీవైరస్ మాత్రం కొత్తదేదీ వేయలేదు.

నిన్న పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి ప్రెస్సుకి పట్టుకెళ్లాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారికి మెయిల్‌లో పంపెయ్ అక్కా" అన్నాడు.